ఒకే దస్తర్ఖాన్, ఇద్దరు పిల్లలు

గత మాసంలో ఒక వివాహ సందర్భంగా మేము మద్నూర్ వెళ్లవలసి వచ్చింది. అసర్ నమాజు ముగించుకొని ఒక బంధువుల ఇంట కొంతసేపు కూర్చున్నాము. అతిథులము గనుక పళ్లెంలో బిస్కెట్లు, మిక్చరు, గాజు గ్లాసుల్లో చల్లని శీతల పానీయం వచ్చాయి. వాటిని తెచ్చి మా ముందుంచినది పన్నెండేళ్ల బాలిక. సన్నని మణికట్టు, పాలిపోయిన పెదవులు. గదిలో మరోవైపు తొమ్మిదేళ్ల ఆమె తమ్ముడు దివాన్‌పై పడుకొని ఫోను చూస్తున్నాడు. ఎడమచేతి పక్కన సగం ఖాళీ అయిన చిప్స్ పొట్లం ఉంది. సలాం చెప్పడానికి లేచినప్పుడు వాడికి ఆయాసం వచ్చింది. వాడి మెడ వెనుక చర్మం నల్లబడి, మందంగా, ముడతలు పడి కనిపించింది.

దాదీ మనవణ్ణి దగ్గరకు తీసుకొని బుగ్గలు నిమిరింది. "ఒక్కడే మనవడు. వీని బుగ్గలు చూస్తేనే నా కడుపు నిండుతది. మా కాలంల జొన్నరొట్టె, కారం తిని పెరిగినం. కొన్ని రోజులైతే అదీ లేదు. వీనికెందుకు తక్కువ చేయాలె?" అన్నది.

తల్లి మాత్రం నవ్వలేదు. మమ్మల్ని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగింది: "బడికి డాక్టర్లు వచ్చి పిల్లలను చూసిండ్రు. కొడుకు ఎత్తుకు మించిన బరువున్నడన్నరు. బిడ్డకు రక్తం తక్కువున్నదన్నరు. ఒకటే పొయ్యి, ఒకటే కుండ. ఒకనికి ఎక్కువ, ఒకదానికి తక్కువ ఎట్లయింది? తప్పెక్కడున్నదో మీరే చెప్పండి."

గుమ్మంలో నిలబడి చెప్పగల జవాబు మా వద్ద లేదు. ఆలోచించి వ్రాస్తామని మాట ఇచ్చి వచ్చాము. ఈ నెల శీర్షికను ఆ మాట కోసమే కేటాయిస్తున్నాము.

ఊరు మారింది, తిండి మారింది

మద్నూర్ కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ డివిజనులో, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న మండల కేంద్రం. అటు దెగ్లూర్, ఇటు పిట్లం. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వైపు సాగే 161వ జాతీయ రహదారి ఈ దారినే పోతుంది. సంతలో తెలుగు, మరాఠీ, ఉర్దూ కలగలిసి వినిపిస్తాయి. నల్లరేగడి నేలల్లో పత్తి, సోయా, కంది పండుతాయి. ఇది హైదరాబాదు వంటి మహానగరం కాదు. స్థూలకాయం నగరాల్లోని ధనవంతుల జబ్బు అని ఇంకా నమ్మేవారు ఇటువంటి ఊళ్లను ఒకసారి చూడాలి.

ఒక తరం క్రితం ఈ ప్రాంతపు పిల్లవాడికి ఆకలి వేస్తే ఇంటికి పరుగెత్తేవాడు. ఇంట్లో ఉన్నది జొన్నరొట్టె, పప్పు, చింతపండు పులుసు, కాలం కలిసివస్తే పెరుగు. ఈనాడు అదే పిల్లవాడు ఐదు రూపాయల నాణెం పట్టుకొని వీధి మలుపు దాకా నడిస్తే చాలు. కిరాణా దుకాణం ముందు రంగురంగుల పొట్లాలు తోరణాలుగా వేలాడుతుంటాయి. వాటిలో ఉన్నది ఎక్కువగా పిండి, నూనె, ఉప్పు, చక్కెర. మాంసకృత్తులు, ఇనుము, పీచు బహుస్వల్పం. తల్లి వండిన పప్పును వద్దనడానికి ఆ పొట్లం ఒక్కటి చాలు. పొలంలో కంది పండించే ఇంటిలో పిల్లవాడు కందిపప్పును పక్కకు నెట్టి పొట్లం కోసం ఏడుస్తున్నాడంటే, అది కేవలం వాడి మారాము కాదు. మన చుట్టూ మారిపోయిన వాతావరణం వాడి నోట పలుకుతున్నది.

రెండు కొరతలు, ఒకే ఇల్లు

ఆ తల్లి అడిగిన ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. 31.8 శాతం మంది వయసుకు తగిన బరువు లేరు. అదే సర్వేలో ఎత్తుకు మించిన బరువున్న పిల్లలు 3.4 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో వీరు 0.7 శాతం మాత్రమే. మొత్తం భారతదేశంలో ఈ సంఖ్య అదే కాలంలో 2.1 నుంచి 3.4కు చేరింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల తెలంగాణ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు కూడా ఆ సర్వేయే తెలిపింది.

3.4 శాతం చిన్న సంఖ్యే కదా అని కొందరనవచ్చు. నిజమే, మన రాష్ట్రంలో పెద్ద సమస్య ఈనాటికీ పోషకాహార లోపమే. కాని కొన్నేళ్లలోనే ఒక సంఖ్య అన్ని రెట్లు పెరిగినప్పుడు, అది ఇంకా చిన్నదిగా ఉండగానే మేలుకోవడం వివేకం. ప్రపంచం ఈ దారిలో ఎంత దూరం వెళ్లిందో చూడండి. 2025లో యునిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం, ఐదు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల్లో స్థూలకాయం ఉన్నవారి శాతం, బరువు తక్కువున్నవారి శాతాన్ని మొదటిసారి దాటిపోయింది.

ఈ రెండూ ఎదురెదురు జబ్బులని అనుకుంటాము. నిజానికి రెండింటి మూలం చాలాసార్లు ఒక్కటే: కడుపు నింపే తిండి ఉన్నది, శరీరాన్ని నిలిపే తిండి తక్కువైంది. కొడుకుకు అది ఎక్కువగా అందింది, కూతురికి అదీ అందలేదు.

బొద్దుతనం ఎప్పుడు జబ్బు అవుతుంది?

పిల్లల బరువును కంటితో నిర్ణయించరాదు. "మా వంశమే ఇంత" అనే మాటతోనూ నిర్ణయించరాదు. ఎత్తు, బరువు కొలిచి, వయసును బట్టి పెరుగుదల పట్టికలో గుర్తించాలి. ఐదేళ్లు దాటిన పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అటువంటి పట్టికను ఇచ్చింది. భారత బాలవైద్యుల సంఘం 2015లో మన పిల్లలకు తగిన పట్టికను సవరించి ఇచ్చింది. చిన్నపిల్లలకైతే అంగన్‌వాడీలోనే ఈ పట్టిక ఉంటుంది. ఒక్కసారి తూచిన బరువు కన్నా, ఆరు నెలలకొకసారి తూచినప్పుడు ఆ గీత ఎటు పోతున్నదన్నది ముఖ్యం.

మన దేశపు పిల్లల విషయంలో మరొక జాగ్రత్త ఉన్నది. పూణే కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం మహారాష్ట్ర పల్లెల్లో దశాబ్దాలుగా తల్లులను, బిడ్డలను పరిశీలిస్తూ వచ్చింది. మన శిశువులు పాశ్చాత్య దేశాల శిశువుల కన్నా తేలికగా, చిన్నగా పుట్టినా, కండతో పోల్చినప్పుడు కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుందని వారు గుర్తించారు. అంటే మన శరీరాలు తక్కువ బరువులోనే మధుమేహానికి దగ్గరవుతాయి. కనుక "వీడేమంత లావు?" అని ఊరుకోవడానికి మనకు వీలు లేదు.

ఆ బాలుని మెడ వెనుక మేము చూసిన నలుపును ఇంట్లో వారు మురికి అనుకొని స్నానంలో గట్టిగా రుద్దుతున్నారట. బరువెక్కిన పిల్లల్లో ఇటువంటి నలుపు, శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిందనడానికి తరచుగా గుర్తు. రుద్దితే పోదు. వైద్యునికి చూపించాలి. నిద్రలో గురక, కొద్ది దూరానికే ఆయాసం, మోకాళ్ల నొప్పి, అతిదాహం ఉన్నా ఆలస్యం చేయరాదు. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోతే గ్రంథుల లోపమేదైనా ఉన్నదేమో వైద్యులే పరీక్షిస్తారు.

మూడు అలవాట్లు

ఇక "తప్పెక్కడ?" అన్న ప్రశ్నకు వద్దాము. సాధారణంగా మనం తప్పును కంచంలో వెతుకుతాము. కంచం కన్నా ముందు ఇంటి దినచర్యను చూడమని ఒక పరిశోధన చెబుతున్నది. అమెరికాలో సారా ఆండర్సన్, రాబర్ట్ విటేకర్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగేళ్ల పిల్లలు 8,550 మంది సమాచారాన్ని పరిశీలించి 2010లో ప్రచురించారు. వారు చూసినవి మూడే అలవాట్లు. వారంలో ఐదు రాత్రులకు మించి కుటుంబమంతా కలిసి భోజనం చేస్తున్నదా? బిడ్డ రాత్రి కనీసం పదిన్నర గంటలు నిద్రపోతున్నాడా? తెర ముందు గడిపే కాలం రోజుకు రెండు గంటలు మించకుండా ఉన్నదా?

మూడు అలవాట్లూ ఉన్న ఇళ్ల పిల్లల్లో స్థూలకాయం 14.3 శాతం. ఒక్కటీ లేని ఇళ్లలో 24.5 శాతం. తల్లి చదువు, ఇంటి ఆదాయం వంటి భేదాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, మూడూ ఉన్న ఇళ్లలో స్థూలకాయం దాదాపు నలభై శాతం తక్కువగానే కనిపించింది. ఇటువంటి పరిశీలన ఒకదానితో మరొకటి కలిసి ఉన్నదని చూపుతుందే గాని, ఇదే కారణమని తుది తీర్పు చెప్పదు. అయినా ఈ మూడింటిలో ఏదీ డబ్బు ఖర్చయ్యేది కాదు, ఏదీ బిడ్డకు హాని చేసేది కాదు. మరొక సంగతి, ఈ మూడూ మన ధర్మజీవనానికి కొత్తవీ కావు.

కలిసి తినడం

సహచరులు కొందరు దైవప్రవక్త ముహమ్మద్ (స) వద్దకు వచ్చి, తాము తింటున్నా తృప్తి కలగడం లేదని మొరపెట్టుకున్నారు. బహుశా మీరు వేర్వేరుగా తింటున్నారేమోనని ఆయన (స) అడిగి, కలిసి కూర్చొని, అల్లాహ్ పేరు తలచి తినమని బోధించినట్లు అబూదావూద్ హదీసు సంకలనంలో ఉన్నది. ఆయన పోషణలో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా అనే బాలుని సంఘటన బుఖారీలో ఉన్నది. భోజనవేళ ఆ బాలుని చేయి పళ్లెమంతా తిరుగుతుంటే, ప్రవక్త (స) కసరలేదు. బిస్మిల్లాహ్ అనమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని నేర్పారు. ఆ పాఠం సాధ్యమైనది ఎందువల్ల? బాలుడు పెద్దలతో కలిసి ఒకే పళ్లెం ముందు కూర్చున్నందువల్ల. ఫోను ముందు ఒంటరిగా తినే పిల్లవాడికి ఈ పాఠం ఎవరు చెప్పగలరు?

కలిసి తిన్నప్పుడు భోజనానికి ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి. పిల్లవాడు పెద్దల కంచంలో ఆకుకూరను చూస్తాడు. మాటల మధ్య మెల్లగా తింటాడు గనుక కడుపు నిండిన సంకేతం మెదడుకు చేరే వ్యవధి దొరుకుతుంది. మేము చూసిన ఇంటిలో తండ్రి పని ముగించుకొని రాత్రి పది దాటాక వస్తాడు. కొడుకు ఎనిమిదింటికి తెర ముందు తింటాడు, తండ్రి వచ్చాక ఆయన పక్కన మళ్లీ తింటాడు. తల్లి, కూతురు అందరూ తిన్నాక వంటింట్లో మిగిలినది తింటారు. అంటే ఆ ఇంట నాలుగు భోజనాలు జరుగుతున్నాయి గాని, ఒక్క దస్తర్ఖాన్ కూడా పరవబడటం లేదు. ఒకే కుండ నుంచి ఇద్దరు పిల్లలకు రెండు వేర్వేరు బ్రతుకులు ఎలా వచ్చాయో ఇక్కడ తెలుస్తున్నది.

రాత్రి కుదరకపోతే ఉదయం కుదరవచ్చు. ఫజ్ర్ తరువాత అందరూ కలిసి రొట్టె తినే ఇల్లు కూడా కలిసి తినే ఇల్లే.

నిద్ర

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని బాలవైద్యులు చెబుతారు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పది నుంచి పదమూడు గంటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మన ఇళ్లలో రాత్రి పదకొండున్నరకు దీపం ఆర్పి, ఉదయం మక్తబ్‌కు, బడికి లేపుతాము. నిద్ర తగ్గినప్పుడు ఆకలిని రేపే గ్రెలిన్ పెరిగి, తృప్తిని తెలిపే లెప్టిన్ తగ్గినట్లు పెద్దలపై జరిగిన ప్రయోగాల్లో కనిపించింది. నిద్ర చాలని పిల్లవాడు మరునాడు ఆడుకోడు, తీపిని, వేపుళ్లను అడుగుతాడు. మేల్కొని ఉన్న ప్రతి అదనపు గంట తినడానికి ఒక అదనపు గంట కూడా.

ప్రవక్త (స) ఇషా నమాజుకు ముందు నిద్రించడాన్ని, ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం చేయడాన్ని ఇష్టపడేవారు కారని హదీసులు తెలుపుతున్నాయి. ఈ ఒక్క అలవాటును ఇంట నిలుపుకుంటే బిడ్డ నిద్ర దానంతట అదే కుదురుతుంది. అయితే పెద్దలు టీవీ ముందు కూర్చొని పిల్లలను పడుకోమంటే వారు పడుకోరు. ఇంటి దీపం ఇంటివారందరికీ ఆరాలి.

తెర

ఏడాదిలోపు శిశువుకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఐదేళ్లు దాటిన పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలైనా గుండె వేగం పెరిగేలా ఆడాలి. ఫోను చేసే కీడు మూడు విధాలు. కూర్చోబెడుతుంది, నిద్రను వెనక్కి నెడుతుంది, తింటున్న విషయం మరిపిస్తుంది. ముద్ద నోట్లోకి పోవడానికి ఫోను చూపించడం మనలో ఎందరో తల్లుల అలవాటు. ఆ క్షణానికి ముద్ద పోతుంది. కాని కడుపు నిండిందని తానే తెలుసుకొనే శక్తి, అల్లాహ్ ప్రతి శిశువుకూ ఇచ్చిన శక్తి, మెల్లమెల్లగా మొద్దుబారుతుంది.

ఆటకు చోటు లేదని పట్టణ తల్లిదండ్రులు చెప్పుకోవచ్చు. మద్నూర్ వంటి ఊరిలో బడి మైదానం ఉన్నది, పొలాల బాటలున్నాయి. వాహనాల రద్దీ ఉన్న రోడ్డు దాటవలసిన పిల్లలకు మాత్రం పెద్దలెవరైనా తోడు వెళ్లాలి. అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఉన్న కాలాన్ని ఆటకు విడిచిపెట్టండి, కొడుక్కీ, కూతురికీ. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసినట్లు గ్రంథాల్లో ఉన్నది. పన్నెండేళ్లు వచ్చిందని ఆడపిల్లను వంటింటికే పరిమితం చేసే ఆచారానికి ధర్మం పేరు పెట్టరాదు.

ఇంట కనబడేది, పిల్లవాడు తినేది

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, చక్కెరను రోజుకు ఇరవై ఐదు గ్రాములకు మించనివ్వవద్దని చెబుతున్నాయి. అంటే సుమారు ఐదు చెంచాలు. మా ముందుంచిన శీతల పానీయం వంటివి మూడు వందల మిల్లీలీటర్లు తాగితే చాలు, ముప్పై గ్రాములు దాటుతుంది. దానిపై తీపి చాయ్, బిస్కెట్లు, తిరుగు ప్రయాణంలో ఐస్‌క్రీం కలిపి లెక్కించుకోండి.

శీతల పానీయం సీసా ఇంట్లో ఉంటే పిల్లవాడు అడుగుతాడు. వద్దంటే ఏడుస్తాడు. ప్రతి రోజూ వాడితో యుద్ధం చేయడం కన్నా, దుకాణంలో ఒకసారి మనతో మనం యుద్ధం చేసి కొనకుండా రావడం తేలిక. దివాన్ పక్కన పొట్లం బదులు వేయించిన పల్లీలు, శనగలు, జామకాయ, ఉడికించిన గుడ్డు కనబడనివ్వండి. దాహానికి నీరు, మజ్జిగ చాలు. అతిథికి నిమ్మకాయ నీళ్లిస్తే మర్యాద తగ్గదు. వెళ్లిన ఇంట పిల్లలకు మనం తీసుకెళ్లే కానుక మిఠాయి డబ్బాయే కానక్కరలేదు, అరటిపండ్లు కూడా కానుకే.

బడి విషయానికి వస్తే, కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోను, బడి గేటు నుంచి యాభై మీటర్లలోపు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు కలిసి ఈ సంగతిని మర్యాదగా గుర్తుచేయవచ్చు.

ఇక దాదీల, నానీల ప్రేమ సంగతి. ఆకలి ఎరిగిన తరం అది. మనవడి నిండు కంచం వారికి గతంపై గెలుపు వంటిది. ఆ ప్రేమను తప్పుపట్టే అర్హత మనకు లేదు. దానికి మరో దారి చూపవచ్చు. "ఇంకొక్క ముద్ద" అనడం బదులు ఇంకొక్క కథ చెప్పమనండి. ఏడుపు మానడానికి మిఠాయి, చదివినందుకు చిప్స్ ఇచ్చినప్పుడు పిల్లవాడు దుఃఖానికీ సంతోషానికీ తిండినే మందుగా నేర్చుకుంటాడు. ఏమి వండాలి, ఎప్పుడు వడ్డించాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది బిడ్డ కడుపు చెప్పాలి. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు విడవాలన్న ప్రవక్త (స) బోధ తిర్మిజీలో ఉన్నది. దివ్యఖుర్ఆన్‌లోని ఆరాఫ్ సూరా 31వ వాక్యం తినడాన్ని, త్రాగడాన్ని అనుమతిస్తూనే మితిమీరడాన్ని వారిస్తున్నది.

పస్తులు వద్దు, పరిహాసం వద్దు

ఇది చదివి రేపటి నుంచి కొడుకు కంచం సగానికి తగ్గించే తల్లి ఉంటే ఆమెను ఆపవలసిన బాధ్యత మాది. ఎదిగే బిడ్డను పస్తుంచరాదు. ఎత్తు పెరుగుతున్న పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించవలసిన పని కూడా ఉండదు. బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే చాలు, గీత దానంతట అదే సర్దుకుంటుంది. రమజాన్ ఉపవాసం ఆరాధన. పిల్లల బరువు తగ్గించే సాధనంగా దాన్ని వాడరాదు. వేపుళ్లతో, షర్బత్‌లతో నిండిన ఇఫ్తార్ ఉన్నచోట బరువు తగ్గదు కూడా.

బాల్యంలో మంచి ఆహారం అందితే లావెక్కుతారన్న భయమూ వద్దు. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరీక్ష నిర్వహించింది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు పౌష్టికాహారం అందింది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారైనప్పుడు తిరిగి పరిశీలిస్తే, తక్కిన ఊళ్ల పిల్లల కన్నా సుమారు 14 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నారు. శరీరంలో కొవ్వు పాలు మాత్రం పెరగలేదు. పైగా ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం మెరుగ్గా ఉన్నాయి. అంగన్‌వాడీ ఇచ్చే గుడ్డు, బాలామృతం వంటివి బిడ్డకు శత్రువులు కావు. శత్రువు వీధి మలుపున వేలాడుతున్నది.

మరొక మాట. ఆ బాలుణ్ణి బడిలో తోటివారు ఒక పేరు పెట్టి పిలుస్తారట. ఇంట్లో మేనమామ కూడా నవ్వుతూ అదే పేరు వాడతాడు. హుజురాత్ సూరా 11వ వాక్యం పరిహాసాన్ని, చెడ్డ బిరుదులతో పిలవడాన్ని స్పష్టంగా నిషేధిస్తున్నది. మనం దాన్ని పెద్దల మధ్య తగాదాలకే వర్తింపజేసుకుంటాము. తొమ్మిదేళ్ల బాలునికి కూడా ఆ రక్షణ ఉన్నది. అవమానపడిన పిల్లవాడు మైదానానికి పోడు, తలుపు వేసుకొని తింటాడు.

కూతురి వాటా

చివరిదైనా అన్నిటికన్నా బరువైన సంగతి ఇది. తన సంతానంలో ఒకరికి మాత్రమే కానుక ఇచ్చిన తండ్రికి సాక్షిగా ఉండడానికి ప్రవక్త (స) నిరాకరించి, పిల్లల మధ్య న్యాయం పాటించమని ఆదేశించిన సంఘటన నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖనంలో ఉన్నది. కోడికూరలో కాలు ముక్క, పాలపై మీగడ, గుడ్డు కొడుకు కంచంలోకీ, పులుసు, అడుగంటిన అన్నం కూతురి కంచంలోకీ పోతే అది కూడా పంపకమే. ఆ పంపకానికి సాక్షి ఎవరో మనకు తెలుసు. ఆ అన్యాయం కూతురినే కాదు, కొడుకునూ చెరుపుతున్నది. ఆమెకు రక్తం చాలలేదు, వాడికి బరువు ఎక్కువైంది. రేపు ఆమె తల్లి అయినప్పుడు ఆ లోటు ఆమె కడుపులోని బిడ్డను చేరుతుంది. చిన్నగా, తేలికగా పుట్టిన ఆ బిడ్డకే, తరువాత బరువెక్కినప్పుడు మధుమేహం భయం ఎక్కువ.

కనుక ఆ తల్లికి మా జవాబు ఇది. తప్పు నీ వంటలో లేదు, నీ ప్రేమలోనూ లేదు. మీ ఇంట భోజనాలు నాలుగైనాయి, వాటిని ఒకటి చేయండి. ఇషా తరువాత దీపం ఆర్పండి. అసర్ తరువాత ఇద్దరినీ బయటికి పంపండి. పొట్లాలు కొనడం మానండి. గుడ్డు ఉన్న రోజున రెండు వండి ఇద్దరికీ చెరొకటి పెట్టండి, ఒకటే ఉన్న రోజున దాన్ని సగం చేయండి. బిడ్డ రక్తహీనతకూ, కొడుకు మెడపై నలుపుకూ వైద్యుణ్ణి సంప్రదించండి.

ఇవే మాటలను మేము ముందుగా ఫోనులో ఆమెకు చెప్పాము. మూడు వారాల తరువాత ఆమెయే తిరిగి మాట్లాడింది. పొట్లాలు పూర్తిగా ఆగలేదట. రాత్రిపూట తండ్రి ఇంకా ఆలస్యంగానే వస్తున్నాడట. అయితే ఉదయం ఏడింటికి దస్తర్ఖాన్ పరుస్తున్నారట. మొదటిరోజు దాదీ అలవాటు ప్రకారం గుడ్డు మనవడి ముందు పెట్టిందట. వాడు అక్క కంచం వైపు చూసి, తన గుడ్డును వేళ్లతో రెండు ముక్కలు చేశాడట. దాదీ ఏమీ అనలేదట. మరునాటి నుంచి ఆమెయే రెండు గుడ్లు ఉడకబెడుతున్నదట.

బరువు ఏమైనా తగ్గిందా అని మేము అడగలేదు. దానికింకా కాలం పడుతుంది. మన సంతానం మనకు అప్పగించబడిన అమానతు, దాని లెక్క మనలో ప్రతి ఒక్కరూ చెప్పవలసిందే. ఆ లెక్కను తేలిక చేసుకొనే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.